మేనేజర్ గారు లేని రోజు

మా డెయిరీ మేనేజర్ గారు ఈరోజు మీటింగు కోసం జిల్లా కేంద్రానికి వెళ్లారు. పాత మేనేజర్ కాలంలో ఇలాంటి రోజు వస్తే ప్యాకింగు సెక్షన్ సగం ఖాళీ అయ్యేది. ఆయన ఎదుట తలెత్తకుండా పనిచేసినవాళ్లే, ఆయన జీపు గేటు దాటగానే టీ కొట్టు దగ్గర తేలేవారు.

మధ్యాహ్నం స్టాకు చూద్దామని లోడింగు వైపు వెళితే, క్రేట్లు దించే కుర్రాడు ఎర్ర రంగు డబ్బా ముందేసుకుని కూర్చున్నాడు. రోజూ కొన్ని పాల ప్యాకెట్లు కారుతుంటాయి. సీలు సరిగా పడటం లేదని మేమంతా యంత్రాన్నే అనుమానించాం. ఇతను మాత్రం కారిన ప్యాకెట్లు ఏ క్రేట్లలో ఉంటున్నాయో గమనిస్తూ వచ్చాడు. అంచు విరిగిన క్రేట్లలోనే ఎక్కువట. పగిలిన ప్లాస్టిక్ మొన గుచ్చుకుంటోంది. వాటికి ఎర్ర గీత గీసి పక్కన పెడుతున్నాడు.

"సార్‌ను అడిగావా?" అన్నాను.

"నిన్న చెప్పానండీ. చేసి చూడు, తగ్గిందో లేదో నాకు చెప్పు అన్నారు."

ఈ అబ్బాయి పాత మేనేజర్ ఉన్నప్పుడూ ఇక్కడే ఉన్నాడు. అప్పట్లో ఏదో చెప్పబోతే, నీ పని నువ్వు చూసుకో అని అందరి ముందూ కసిరారు. ఆ తర్వాత నోరు విప్పలేదు. ఈ తెలివి అతనికి అప్పుడూ ఉంది. తలచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది.

మనస్తత్వ శాస్త్రవేత్త కర్ట్ లెవిన్, ఆయన సహచరులు అమెరికాలోని అయోవాలో పిల్లల బృందాలపై చేసిన ప్రయోగం గుర్తొచ్చింది. దాని ఫలితాలు 1939లో అచ్చయ్యాయి. బృందాల్లోని పిల్లలు మాస్కుల వంటివి తయారుచేసేవారు. అన్నీ తానే శాసించే నాయకుడు ఎదుట ఉన్నంతసేపు పని బాగానే సాగింది, ఆయన గది దాటగానే చతికిలపడింది. పిల్లలతో కలిసి నిర్ణయించే నాయకుడు బయటికి వెళ్లినా పని ఆగలేదు. సొంత ఊహలూ అక్కడే ఎక్కువ కనిపించాయి. పట్టించుకోకుండా వదిలేసిన బృందం పని మాత్రం అధ్వానం.

ఆ చివరి మాట ముఖ్యం. మా సార్ దేన్నీ గాలికి వదిలేయరు. పాలను 72 డిగ్రీల వద్ద 15 సెకన్లు వేడిచేసే పద్ధతిలో ఎవరి ప్రయోగాలూ సాగనివ్వరు. అయితే పొద్దున్నే అందరూ చేరినప్పుడు ముందు లోడింగు వాళ్లను మాట్లాడమంటారు, తాను ఆఖరున మాట్లాడతారు. పెద్దాయన అభిప్రాయం ముందే తెలిస్తే కిందివాళ్లు దానికే తలూపుతారు. కఠినంగా ఉంటేనే పని జరుగుతుందనేవాళ్లు ఒక్క ఉదయం ఇక్కడికి వచ్చి చూడాలి.

రంగు డబ్బా అతను సొంత డబ్బుతో కొన్నాడు. రేపే వోచరు రాసి ఆ డబ్బు ఇప్పిస్తాను.