జెబెదయి దోనెలోనే ఉండిపోయాడు

మా స్త్రీల సమాజంలో వాక్యం చెప్పే వంతు నెలకొకరికి వస్తుంది. ఈసారి నాకు పడిన భాగం మార్కు సువార్త 10వ అధ్యాయం, 28 నుంచి 31 వరకు. పాస్టరమ్మగారు ఫోన్ చేసి, "మీ చెల్లి వాళ్లు మిషనరీలు కదమ్మా, ఈ వాక్యం మీకు బాగా పడుతుంది" అన్నారు. పడుతుందో, గొంతుకు అడ్డం పడుతుందో అప్పటికి నాకే తెలీదు.

చెల్లి, మరిది ఆఫ్రికాలోని మలావీ వెళ్లి పదకొండేళ్లు. చెల్లి నర్సు. మరిది అక్కడ పల్లె సంఘాల కాపరులకు బైబిలు పాఠాలు చెబుతాడు. ఇద్దరు పిల్లలు. రెండోవాడు అక్కడే పుట్టాడు. అమ్మ, నేను శ్రీకాకుళంలో ఉంటాం. నాన్న నాలుగేళ్ల కిందట ప్రభువు దగ్గరికి వెళ్లిపోయారు.

వాక్యం అందరికీ తెలిసిందే. మేము సమస్తం విడిచి నిన్ను వెంబడించాం అంటాడు పేతురు. ఆ మాటలో కొంచెం లెక్క అడిగినట్టు ఉంటుంది. ప్రభువు కోప్పడలేదు, లెక్కే చెప్పాడు. నా నిమిత్తం, సువార్త నిమిత్తం "ఇంటినైనను అన్నదమ్ములనైనను అక్కచెల్లెండ్రనైనను తలిదండ్రులనైనను పిల్లలనైనను భూములనైనను" విడిచినవాడు ఇహమందే, హింసలతో పాటు, నూరంతలుగా "ఇండ్లను అన్నదమ్ములను అక్కచెల్లెండ్రను తల్లులను పిల్లలను భూములను" పొందుతాడు, రాబోయే లోకంలో నిత్యజీవం పొందుతాడు అన్నాడు.

ఎన్నిసార్లు విన్నానో ఈ మాట. కానీ ఈసారి పెన్సిల్ పట్టుకుని రెండు జాబితాలూ పక్కపక్కన రాసుకున్నాను. విడిచేటప్పుడు అన్నీ "అయినను". ఇల్లయినా సరే, భూమయినా సరే, ఏదో ఒకటి విడిచినా చాలన్నమాట. పొందేటప్పుడు ఆ "అయినను" లేదు. ఇళ్లూ, అన్నదమ్ములూ, తల్లులూ, అన్నీ వస్తాయి. ఇంతవరకు సంతోషంగానే ఉంది. రెండో జాబితా మళ్లీ చదివితే ఒక పేరు తగ్గింది. మొదటిదాంట్లో తల్లిదండ్రులు ఉన్నారు. రెండోదాంట్లో తల్లులే ఉన్నారు. తండ్రులు లేరు.

పాస్టరుగారిని అడిగితే, పరలోకమందున్న తండ్రి ఒక్కడే గనుక ఆ చోటు ఖాళీగా వదిలారని పండితులు చెబుతారమ్మా, మత్తయి 23:9 చూడండి అన్నారు. చూశాను. ఒప్పుకుంటాను కూడా. కానీ నా మనసు ఆ పండితుల దగ్గర ఆగలేదు, మార్కు మొదటి అధ్యాయానికి వెళ్లిపోయింది. అక్కడ యాకోబు, యోహాను దోనెలో కూర్చుని వలలు బాగుచేసుకుంటున్నారు. ప్రభువు పిలిచాడు. వాళ్లు తమ తండ్రి జెబెదయిని "దోనెలో జీతగాండ్రయొద్ద" విడిచిపెట్టి వెళ్లిపోయారు.

కళింగపట్నం ఒడ్డున వల బాగుచేసే ముసలాయన్ని ఎప్పుడైనా చూశారా? వల అంచు కాలి బొటనవేలికి తగిలించి బిగుతుగా లాగి, రెండో చేత్తో కదురు ఆడిస్తూ చిరుగు ఎక్కడుందో కళ్లు చిట్లించి వెతుకుతాడు. ఎదురుగా ఇంకొకరు రెండో కొస పట్టుకోవాలి. ఆ రెండో కొస పట్టుకున్నవాళ్లు లేచి వెళ్లిపోతే వల ఒక్కసారిగా వదులైపోతుంది. జెబెదయి అడ్డుపడ్డాడని రాయలేదు, దీవించి పంపాడనీ రాయలేదు. ఆ తర్వాత ఆయన మళ్లీ కనిపించడు. ఆయన భార్య కనిపిస్తుంది. కొడుకుల కోసం సిఫారసుకి వస్తుంది, సిలువ దగ్గర కూడా దూరంగా నిలబడి చూస్తుంది. మత్తయి ఆమెను "జెబెదయి కుమారుల తల్లి" అంటాడు. ఆమె కూడా వెళ్లింది. ముసలాయన పేరు మాత్రం వెళ్లినవాళ్ల వెంట తిరిగింది.

విడిచినవాడికి వాగ్దానం ఉంది. విడవబడినవాడికి ఏముంది? ఇదీ నా ప్రశ్న.

ఆముదాలవలసలో, అదే శ్రీకాకుళం రోడ్ స్టేషన్లో, చెల్లి వాళ్లు రైలెక్కిన రోజు నాన్న ప్రార్థన చేయలేదు. రిటైరైన హెడ్మాస్టరు, సంఘంలో పెద్ద, మైకు ఇస్తే పావుగంట ప్రార్థన చేసే మనిషి. ఆ రోజు బ్యాగు జిప్పు సరిగ్గా పడిందో లేదో నాలుగుసార్లు చూశారు. భీమాళి తాండ్ర పొట్లం అడుగున పెట్టారా పైన పెట్టారా అని అడిగారు. రైలు కదిలాక, "చలికాలం అక్కడ జూన్‌లో వస్తుందట" అన్నారు నాతో. అంతే.

ఆయన పోయినప్పుడు చెల్లి రాలేకపోయింది. పర్మిట్ రెన్యువల్ కోసం ఇచ్చిన పాస్‌పోర్టు ఒక ఆఫీసులో ఇరుక్కుపోయింది. ఈ రోజు, రేపు అంటూ తిప్పారు. ఇక్కడ మేము ఒక రాత్రి ఆగాం, అంతకంటే ఆగలేకపోయాం. మా అబ్బాయి ఫోన్ పట్టుకుని వాట్సాప్‌లో చూపించాడు. సమాధుల తోటలో సిగ్నల్ సరిగ్గా లేదు. పెట్టె దించేటప్పుడు బొమ్మ ఆగిపోయింది. గుప్పెడు మట్టి వేసేటప్పుడు వాడు ఫోన్ ఎత్తి పట్టుకుని అటూ ఇటూ తిరుగుతున్నాడు పాపం. చెల్లికి కనిపించింది కొబ్బరిచెట్టు కొన, దాని మీద ఆకాశం.

ఆ రాత్రి వాళ్ల ఇంట్లో ఏం జరిగిందో ఆర్నెల్ల తర్వాత గానీ నాకు చెప్పలేదు. చీకటి పడేసరికి ఊళ్లో ఆడవాళ్లు ఒక్కొక్కరే వచ్చారట. చితెంజె అని నడుముకు చుట్టుకునే పువ్వుల గుడ్డ ఒకటి ఉంటుంది వాళ్లకి. అది కట్టుకుని, ఇంకొకటి భుజాన వేసుకుని వచ్చి, ఎవరూ ఏమీ మాట్లాడకుండా కింద కూర్చున్నారట. అక్కడ చావు ఇంటికి అలాగే వస్తారు. తెల్లవార్లూ పాటలు పాడారు. వేల మైళ్ల అవతల పోయిన, తాము ఎన్నడూ చూడని మనిషి కోసం. పొద్దున ఒకావిడ పొయ్యి వెలిగించి, మొక్కజొన్న జావలో వేరుశెనగ పిండి కలిపి పిల్లలకు పెట్టింది. రెండోవాడు పుట్టినప్పుడు చెల్లికి పురుడు పోసినంత పని చేసింది కూడా ఆవిడే. అక్కడ పెద్ద ఆడవాళ్లను ఎవరైనా "అమాయి" అని పిలుస్తారు. తల్లి అని అర్థం, గౌరవం కూడా. చెల్లికి మొదట్లో మన "అమ్మ" లాగే వినిపించి ఏడుపొచ్చేదట.

తల్లులను, అని బహువచనంలో ఎందుకు ఉందో అప్పుడు తెలిసింది. అది వాక్యం నెరవేరడమే. కానీ దాని వెల నాన్న కట్టాడు కదా అని కూడా అనిపించింది. ఈ రెండూ నాలో ఇంకా సర్దుకోలేదు, సర్దుకున్నట్టు రాయలేను.

నెలనెలా వాళ్లు పంపే ప్రార్థన ఉత్తరంలో ఇవేవీ ఉండవు. బాప్తిస్మాలు ఎన్ని, బావి తవ్వకం ఎంతవరకు వచ్చింది, వానలు ఆలస్యం, కరెంటు కోత. చివర్లో "మా కుటుంబం కొరకు ప్రార్థించండి" అని ఒక్క లైను. ఆ లైనులోనే పిల్లాడి మలేరియా, పెద్దదాని చదువు టెన్షన్, అత్తగారి మోకాళ్ల ఆపరేషన్‌కి రాలేకపోయిన బాధ, మొగుడూ పెళ్లాలు రెండు రోజులు మాట్లాడుకోకపోవడం అన్నీ ఉంటాయి. చదవడం అలవాటైతే కనిపిస్తాయి.

నాలుగేళ్లకోసారి సెలవు మీద వస్తారు. సెలవని పేరే గానీ ప్రతి ఆదివారం ఒక ఊరు: పాలకొండ, రాజాం, బొబ్బిలి, పార్వతీపురం. వాళ్ల కోసం పిడికెడు బియ్యం తీసిపెట్టే సంఘాలు అవన్నీ, కనిపించి సాక్ష్యం చెప్పాలి. న్యాయమే. పిల్లల్ని స్టేజీ ఎక్కించి ఆఫ్రికా పాట పాడమనడం మాత్రం మానేస్తే బాగుండు. పోయినసారి చిన్నవాడు మైకు ముందు బిక్కమొహం వేసుకుని నిలబడితే నాకు కడుపులో దేవినట్టైంది. ఆ రాత్రే వాడు అమ్మ పక్కలో పడుకుని, "అమ్మమ్మా, మేము ఇంటికి ఎప్పుడు వెళ్తాం?" అన్నాడు. "ఇదే కదరా మీ ఇల్లు" అంది అమ్మ. వాడు కాసేపు ఆలోచించి, "ఇది అమ్మ ఇల్లు" అన్నాడు. పొద్దున్నే అమ్మ నా దగ్గర, "ఈ గుంటడు ఏటే ఇలాగంటన్నాడు" అని గొణిగింది గానీ వాణ్ణి ఏమీ అనలేదు.

ఆ గుంటడి మాట వింటే బొబ్బిలి దొరసాని గుర్తొస్తుంది. కెనడా తూర్పు తీరంలోని బాప్టిస్టు సంఘాలు 1873లో తమ మిషనరీలను పంపింది నిజానికి మన దగ్గరికి కాదు, సయాం దేశంలోని, అంటే ఇప్పటి థాయ్‌లాండ్‌లోని, కరెన్ అనే తెగ ప్రజల దగ్గరికి. అక్కడ అనుకున్నంతమంది లేరని తేలాక 1875లో వాళ్లు తెలుగువాళ్ల వైపు తిరిగారు. అలా వచ్చిన జార్జ్ ఛర్చిల్, మటిల్డా ఛర్చిల్ దంపతులు బొబ్బిలిలో స్థిరపడ్డారు. మటిల్డా ఇంటికి రాసిన ఉత్తరాలు 1916లో పుస్తకంగా వచ్చాయి. ఆ పుస్తకం పేరులోనే ఆమె ఇండియాను "నా ఇల్లు" అంటుంది. ఇండ్లను, అని ప్రభువు అన్నది అదే కాబోలు. మరి కెనడాలో ఆ ఉత్తరాల కోసం గుమ్మంలో కూర్చున్న వాళ్లమ్మ ఆ మాట చదివి ఏమనుకునేదో! మా అమ్మలాగే గొణిగేదేమో.

ఇంకొక సంగతి మా సమాజంలో చెబితే అందరూ ఆశ్చర్యపోయారు. ఆ మిషనరీల్లో హన్నా మరియా నారిస్ అనే ఆవిడ ఉంది. పెళ్లి కాని పిల్ల, మిషనరీగా వెళ్తానంటే పంపడానికి మిషన్ బోర్డు దగ్గర డబ్బు లేదన్నారు. ఆడవాళ్లను అడిగి చూడమన్నారు. అడిగింది. 1870లో కెనడాలోని నోవా స్కోషియాలో ఊరూరా తిరిగి స్త్రీల సంఘాలు పెట్టించింది. అంటే మనం నెలకోసారి చాప పరుచుకుని కూర్చుని, టీ తాగి, పది రూపాయలు డబ్బాలో వేసే ఈ పనికి పెద్ద వంశమే ఉందన్నమాట.

వెళ్లినవాళ్లంతా తెల్లవాళ్లే అనుకోకండి. 1903లో నెల్లూరు నుంచి జాన్ రంగయ్య గారు భార్యాపిల్లలతో దక్షిణాఫ్రికాలోని నాటాల్ వెళ్లారు. పంపింది తెలుగు బాప్టిస్టు సంఘాలే. అక్కడి చెరకు, తేయాకు తోటల్లో కూలీలుగా ఉన్న తెలుగువాళ్లలో చాలామంది అప్పటి గంజాం, విశాఖపట్నం జిల్లాల వాళ్లు, అంటే మనవైపు వాళ్లే. వలస మనకు కొత్తా ఏమిటి?

ఇదంతా చెప్పి కూర్చున్నాక వెనక వరసలోంచి ఒక పెద్దావిడ లేచింది. కొడుకు గల్ఫ్‌లో వెల్డింగ్ పని చేస్తాడు, ఆరేళ్లయింది చూసి. "నా కొడుకు సువార్త కోసం ఎల్లలేదమ్మా, జీతం కోసం ఎల్లాడు. మరి నాకుందా ఈ వాగ్దానం?" అంది. ఎవరూ మాట్లాడలేదు. నా నోట్సులో దానికి జవాబు లేదు. పాస్టరమ్మగారు లేచి వెళ్లి ఆవిడ పక్కన కూర్చున్నారు. మేం పాట పాడి ముగించాం.

పోయిన నెల మలావీ నుంచి వచ్చిన ఎవరో తెలిసినవాళ్లు అమ్మకు ఒక మూట తెచ్చిచ్చారు. ఆ రాత్రి కూర్చున్న ఆడవాళ్లు తలాకొంత వేసుకుని కొన్న చితెంజె. ఎర్రటి ఎరుపు మీద పసుపు పచ్చ చేపలు. అమ్మ విప్పి, వెలుతురులో పట్టి చూసి, "ఇంత ఎరుపు నేనేటి కట్టుకుంటాను" అంది. రెండు రోజులకు ఉతికింది. నాన్న పంచెల్లో ఒకటి ఇప్పటికీ ఉతికి మడతపెట్టి ఉంచుతుంది. దానితో కలిపి నానబెట్టింది. రంగంతా దిగి పంచె గులాబీ రంగులోకి వచ్చేసింది.

రాత్రి పదకొండున్నరకు, అంటే వాళ్లకి ఎనిమిదికి, ఫోన్ వచ్చింది. అమ్మ పంచె ఎత్తి కెమెరాకు చూపించి చెల్లిని తిట్టింది. చెల్లి పక్కనే ఆ పొయ్యి వెలిగించిన ఆవిడ ఉంది. విషయం ఏమిటని అడిగి, చెల్లి చెప్పగానే పడీపడీ నవ్వి, ఏదో గట్టిగా చెప్పింది. చెల్లి తెలుగులో చెప్పింది: "మొదటిసారి ఉప్పు నీళ్లలో నానబెట్టాలట అమ్మా."

"ఆ మాత్రం నాకు తెలీదా ఏటి, ఆవిడ చెప్పాలా" అంటూ అమ్మ లేచి, అంత రాత్రప్పుడు, రాళ్ల ఉప్పు డబ్బా కోసం వంటింట్లోకి వెళ్లింది.