వెజ్ పాస్తా అని నేనే చెప్పాను

నిన్న రాత్రి మా అత్తయ్యగారు పాస్తా రెండోసారి వడ్డించుకుని తిన్నారు. మూడు వారాలుగా మనసులో ఉన్న బరువు అప్పుడు దిగింది. అందుకే ఇవాళ పిల్లాణ్ణి బడికి పంపి ముందు ఇది రాయడానికి కూర్చున్నాను.

మేం ఉండేది న్యూజెర్సీలో. అత్తయ్యగారు మార్చి చివర్లో తెనాలి నుంచి వచ్చారు, ఆరు నెలలు ఉంటారు. ఆవిడ గుడ్డు కూడా ముట్టరు. బయట బిస్కెట్ కొన్నా పెట్టె తిప్పి చూసి గానీ ఇవ్వను. అలాంటి దాన్ని, మా వాడి పుట్టినరోజునాడు ఇంటినిండా జనం ఉండగా ఆవిడకి తినకూడనిది పెట్టాను.

ఏప్రిల్ చివర్లో ఇక్కడ ఆస్పరాగస్ మొదలవుతుంది, జూన్ దాకా దొరుకుతుంది. ఈ రాష్ట్రంలో దానికి పెద్ద పేరే ఉంది. రట్గర్స్ యూనివర్సిటీ వాళ్ళు తయారుచేసిన రకాల పేర్లలో కూడా 'జెర్సీ' అని ఉంటుంది. పొలం దగ్గరే అమ్ముతుంటే రెండు కట్టలు తెచ్చాను. అత్తయ్యగారు ఒక కాడ చేతిలోకి తీసుకుని "ఇది మన పిల్లిపీచర జాతిలా ఉందే" అన్నారు. నిజంగా అదే జాతి. మనం దాని దుంపలు మందుకి వాడతాం, వీళ్ళు దీని లేత మొలకలు కూరకి వాడతారు. ఆ కాడలు, పచ్చి బఠాణీ, లావు ఉల్లికాడల్లాంటి లీక్స్ చూస్తే పాస్తా ప్రిమవేరా చేయాలనిపించింది. ప్రిమవేరా అంటే ఇటాలియన్ భాషలో వసంతం. పేరు ఇటాలియన్‌దే గానీ వంటకానికి పేరొచ్చింది మాత్రం మా పక్కనే న్యూయార్క్‌లో, లె సర్క్ అనే రెస్టారెంట్ వల్ల. 1977లో న్యూయార్క్ టైమ్స్ దాని రెసిపీ వేసింది. అందులో కూరలన్నీ విడివిడిగా ఉడికించాలి, పాస్తా వేరే, క్రీమ్ సాస్ వేరే. అన్ని గిన్నెలు తోమే ఓపిక నాకు లేదు. నేను ఒకే గిన్నెలో చేస్తాను.

మొదటిసారి పాడైంది. నీళ్ళు ఎక్కువ పోశాను, కూరలన్నీ మొదట్లోనే వేసేశాను. పాస్తా జావ అయింది, ఆస్పరాగస్ ఉడికిన గోంగూర రంగుకి తిరిగింది. రెండోసారికి కుదిరింది. ఎలాగో చెబుతాను, ఇందులో నాకు ఇప్పుడు తిరుగులేదు.

అన్నానికి ఒకటికి రెండు అన్నట్టు పాస్తాకి గ్లాసు లెక్క కుదరదు. పెన్నె లాంటి గొట్టాల పాస్తా లోపల బోలు ఉంటుంది కాబట్టి బరువు లెక్కే నమ్మాలి. 450 గ్రాముల పెట్టెకి, 240 మిల్లీలీటర్ల కప్పుతో 6 కప్పుల నీళ్ళు. గిన్నె లోతుగా కాక వెడల్పుగా, అడుగు మందంగా ఉండాలి. పాస్తా, నీళ్ళు, ఉప్పు, తరిగిన లీక్స్, చిదిమిన వెల్లుల్లి, రెండు చెంచాల ఆలివ్ నూనె అన్నీ చల్లగా ఉన్నప్పుడే వేసి పెద్ద మంట మీద పెట్టాలి. మరగడం మొదలయ్యాక అక్కణ్ణుంచి కదలకూడదు. రెండు నిమిషాలకోసారి అడుగు నుంచి కలపాలి, లేకపోతే అంటుకుంటుంది. పాస్తాలోంచి వచ్చే పిండితోనే ఆ నీళ్ళు చిక్కబడి సాస్ అవుతాయి, కాబట్టి వార్చకండి. నీళ్ళు మూడొంతులు ఇంకాక అంగుళం ముక్కలుగా కోసిన ఆస్పరాగస్, చివరి రెండు నిమిషాల్లో బఠాణీ. నిమ్మరసం దించాకే పిండాలి. పులుపు, ఎక్కువసేపు వేడి, ఈ రెండూ పచ్చ రంగుని చంపేస్తాయి.

లీక్స్ గురించి ఒక మాట. చూడ్డానికి ఉల్లికాడల్లాగే ఉంటాయి, బాగా లావు. కాడ తెల్లగా రావడానికి మొక్క చుట్టూ మట్టి ఎగదోస్తారు, ఆ మట్టి పొరల మధ్యకి చేరుతుంది. నిలువుగా చీల్చి, తరిగి, గిన్నెడు నీళ్ళలో వేసి చేత్తో తేల్చి తీయాలి. పైపైన కడిగితే పళ్ళ కింద ఇసుక తగులుతుంది.

ఇక పుట్టినరోజు సంగతి.

శనివారం పడింది. మా స్నేహితుల్లో మాంసం తినేవాళ్ళు కూడా చాలామంది శనివారం తినరు, వెంకటేశ్వరస్వామికి మొక్కు. అందుకని మొత్తం వెజ్ అని ముందే అందరికీ మెసేజ్ పెట్టాను. ఇరవై మంది వచ్చారు. కేకు గుడ్డు లేకుండా ఇండియన్ బేకరీలో చేయించాను. పులిహోర, దద్దోజనం, మిర్చి బజ్జీ, పిల్లల కోసం రెండు గిన్నెల నిండా పాస్తా. (రెండు పెట్టెలు ఒకే గిన్నెలో వేయకండి. పైది ఉడకదు, కిందది మెత్తబడుతుంది.)

ఆరోజుకి మంచిది పెట్టాలని, రోజూ కొనే తురుము చీజ్ వదిలేసి, పెద్ద సూపర్‌మార్కెట్ చీజ్ కౌంటర్‌లో అసలైన ఇటలీ పార్మిజానో ముక్క కొన్నాను. ఆ చిన్న ముక్కకి ఇరవై డాలర్లకి పైనే అయింది. కొనేముందు కౌంటర్ వెనక ఉన్న అబ్బాయిని అడిగాను, ఇది వెజిటేరియనేనా అని. అడగకుండా కొన్నానని ఎవరూ అనుకోవద్దు, అందుకే చెబుతున్నాను. "చీజేగా మేడమ్, ఇందులో మాంసం ఎందుకుంటుంది?" అని నవ్వాడు. ఆ నవ్వు చూసి, అడిగినందుకు నాకే సిగ్గేసింది. పొట్లం వెనక్కి తిప్పి చూడలేదు.

అందరూ తింటున్నారు. పాస్తా బాగుందని రెండోసారి పెట్టించుకుంటున్నారు. అత్తయ్యగారు కూడా పళ్ళెంలో కొంచెం వేయించుకుని, "బానే ఉందే, సేమ్యా ఉప్మాలాగ" అని సగం తిన్నారు. అప్పుడు మా స్నేహితురాలి నాన్నగారు మంచినీళ్ళకని వంటింట్లోకి వచ్చారు. బ్యాంకులో చేసి రిటైరైన మనిషి, కంటబడిన కాగితమల్లా చదువుతారు. గట్టు మీదున్న చీజ్ పొట్లం తీసి కళ్ళద్దాలు సర్దుకున్నారు.

"మూడే రాశాడేమిటమ్మా. పాలు, ఉప్పు, రెనెట్. రెనెట్ అంటే ఏమిటి?"

నాకు తెలియదు. తెలియదండీ అన్నాను. ఎనిమిదో తరగతి చదివే ఆయన మనవరాలు వెంటనే ఫోన్‌లో చూసి గట్టిగా చెప్పింది. "తాతయ్యా, అది దూడ పొట్టలోంచి తీస్తారంట. పాలు తాగే దూడని చంపాక."

వంటింటికీ హాలుకీ మధ్య మా ఇంట్లో గోడ లేదు. అందరికీ వినబడింది.

ఎవరూ అరవలేదు. అరిచినా బాగుండేది. ఒక పళ్ళెం గట్టు మీద పెట్టిన చప్పుడు, తర్వాత ఇంకొకటి, ఇంకొకటి. నాలుగేళ్ళుగా నాకు తెలిసిన ఒకావిడ "శనివారం అని తెలిసీ ఎలా పెట్టావు?" అంది. "తెలియదండీ, అడిగే కొన్నాను" అంటే, "వెజ్ అని మెసేజ్ పెట్టింది నువ్వేగా" అంది. ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. ఇంకెవరో "పాలేగా, ఏం ఫర్వాలేదు" అని సర్దబోయారు. నేను మాత్రం అత్తయ్యగారి వైపే చూస్తున్నాను. ఆవిడ నోట్లో ఉన్న ముద్ద మింగలేదు, ఉమ్మలేదు. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని బాత్రూమ్‌లోకి వెళ్ళారు. పుక్కిలించిన చప్పుడు వినబడింది, చాలాసేపు. బయటికొచ్చి తన పళ్ళెం తనే కడిగి, విడిగా బోర్లించి, గదిలోకి వెళ్ళిపోయారు. మనవడు కేకు కోస్తుంటే నానమ్మ పక్కన లేరు. ఆ ఫోటోలు నేను ఇంకా చూడలేదు.

రాత్రి ఒకటిన్నర గిన్నెల పాస్తా చెత్తబుట్టలో పోశాను. పైన ఆస్పరాగస్ మొనలు ఇంకా పచ్చగా మెరుస్తున్నాయి. అంత బాగా ఎప్పుడూ కుదరలేదు. "తెలియక జరిగింది, వదిలెయ్" అన్నారు మా ఆయన. ఎలా వదులుతాను? మర్నాడు అత్తయ్యగారు తెల్లవారుజామునే తలస్నానం చేసి, దీపం పెట్టుకుని, సాయంత్రం దాకా పాలు తప్ప ఏమీ తీసుకోలేదు. నన్ను ఒక్క మాట అనలేదు.

మూడో రోజు ఆవిడే పిలిచారు. "అమ్మాయ్, నువ్వు తెలిసి పెట్టలేదని నాకు తెలుసు. కానీ దూడ అన్నమాట చెవిన పడ్డాక గొంతు దిగలేదే. మా ఇంట్లో గేదె ఈనితే దూడ తాగాకే పిండేవాళ్ళం." తర్వాత ఆవిడే అడిగారు, "జున్నులో మనమేం కలపం కదా, మరి వీళ్ళకెందుకు?" అని.

ఆ ప్రశ్న పట్టుకుని వారం రోజులు చదివాను. చీజ్‌ని తెలుగులో జున్ను అని రాసేస్తారు గానీ రెండూ ఒకటి కావు. జున్నుపాలు వేడి తగిలితేనే గట్టిపడతాయి. పనీర్‌కి నిమ్మరసం చాలు. గట్టి చీజ్‌లకి మాత్రం పాలు తోడుకుని గడ్డ కట్టాలంటే ఒక ఎంజైమ్ కావాలి. అది పాలు తాగే దూడ పొట్టలో నాలుగో అరలో ఉంటుంది, దాన్నే రెనెట్ అంటారు. పార్మిజానో రెజ్జానో అని పేరు పెట్టుకోవాలంటే దూడ రెనెటే వాడాలని ఇటలీ వాళ్ళ నిబంధన. గ్రానా పదానో కూడా అంతే. పెకొరీనో రొమానోకి గొర్రెపిల్లది. అంటే ఆ పేర్లున్న ఏ చీజూ మన లెక్కలో శాకాహారం కాదు, ఎంత ఖరీదు పెట్టినా.

అదే ఎంజైమ్‌ని దూడతో పనిలేకుండా సూక్ష్మజీవులతో తయారుచేసే పద్ధతికి అమెరికాలో ఆహారం, మందుల మీద అజమాయిషీ చేసే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ 1990లో అనుమతి ఇచ్చింది. ఇక్కడ తయారయ్యే చీజ్‌లో ఎక్కువ భాగం ఇప్పుడు దానితోనే. చిక్కంతా లేబుల్‌తో. జంతువుదైనా, మొక్కదైనా, సూక్ష్మజీవిదైనా 'ఎంజైమ్స్' అని ఒక్క మాట రాస్తే ఇక్కడ చట్టం ఒప్పుకుంటుంది. మన దేశంలో పదిరూపాయల బిస్కెట్ పొట్లం మీద కూడా ఆకుపచ్చ చుక్క ఉంటుంది. చదువు రాని మనిషి కూడా చూసి కొనుక్కోవచ్చు. ఇంత పెద్ద దేశంలో ఆ చుక్క ఎందుకు పెట్టరో నాకు అర్థం కాదు. తినేది ఏమిటో తెలుసుకునే హక్కు తినేవాడికి ఉండాలి.

ఆ సూపర్‌మార్కెట్‌కి ఫోన్ చేశాను. నలభై నిమిషాలు లైన్లో ఉంచి, చివరికి మేనేజర్ "అసౌకర్యానికి చింతిస్తున్నాం" అని గిఫ్ట్ కార్డ్ ఇస్తానన్నాడు. వద్దన్నాను. కౌంటర్‌లో వాళ్ళకి రెనెట్ అంటే ఏమిటో నేర్పండి చాలు అన్నాను. రాసుకున్నానన్నాడు. నమ్మకం లేదు. నేనైతే ఆ కౌంటర్ మొహం మళ్ళీ చూడను, మీరు కూడా కౌంటర్‌లో వాళ్ళ మాట నమ్మి కొనకండి. మామూలుగా వాడే తురుము చీజ్ కంపెనీకి కూడా ఈమెయిల్ రాశాను. రెండు రోజుల్లో జవాబొచ్చింది, అది సూక్ష్మజీవుల రెనెట్‌తో చేసిందే. ఇరవై డాలర్లది దూడది, నాలుగు డాలర్లది మనం తినగలిగేది.

ఇప్పుడు 'మైక్రోబియల్' (అంటే సూక్ష్మజీవులది) అని గానీ 'వెజిటేరియన్ రెనెట్' అని గానీ అచ్చులో ఉంటేనే కొంటున్నాను. ఉత్త 'ఎంజైమ్స్' అని ఉంటే కంపెనీకి రాసి కనుక్కుంటాను, లేదా అక్కడే పెట్టేస్తాను. ఇండియన్ స్టోర్‌లో అమూల్ ఎలాగూ ఉంది, పొట్లం మీద మైక్రోబియల్ అనే రాస్తారు. కాకపోతే పాస్తాలో తీగ సాగుతుంది, ఆ ఘాటు రాదు. ఎండు పాస్తా మామూలుగా డ్యూరమ్ గోధుమ రవ్వ, నీళ్ళే. ఫ్రిజ్‌లో పెట్టి అమ్మే తాజా పాస్తాలో చాలాసార్లు, ఎగ్ నూడుల్స్‌లో ఎప్పుడూ గుడ్డు ఉంటుంది. రెసిపీలో బ్రాత్ (ఉడికించి తీసిన రసం) అంటే చాలాసార్లు చికెన్‌దే, మంచినీళ్ళు పోసుకోండి. ఆరోజు పళ్ళెం పక్కన పెట్టినవాళ్ళందరికీ ఒక్కొక్కరికీ ఫోన్ చేసి క్షమించమని అడిగాను. ఒకావిడ ఇంకా ఎత్తలేదు.

నిన్న సాయంత్రం అత్తయ్యగారే "ఆ పిల్లిపీచర మళ్ళీ తెచ్చావుగా, ఆ వంట చెయ్యి, నేను చూస్తాను" అన్నారు. కుర్చీ తెచ్చుకుని పొయ్యి పక్కన కూర్చున్నారు. లీక్స్ తనే కడిగారు, మూడు నీళ్ళు మార్చి. గరిటె నా చేతిలోంచి తీసుకుని తనే కలిపారు. నీళ్ళు ఇంకిపోయి పాస్తా చుట్టూ నిగనిగలాడుతుంటే బఠాణీ వేశాను. దించి నిమ్మకాయ పిండి, మిరియాలు దంచి చల్లాను.

చీజ్ తీయడానికి ఫ్రిజ్ తెరిస్తే "ఆగు" అన్నారు. గదిలోకి వెళ్ళి కళ్ళద్దాలు తెచ్చుకున్నారు. పొట్లం దీపం కిందకి పట్టుకుని, వేలు పెట్టి, మై-క్రో-బి-య-ల్ అని ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ చదివారు. వెనక్కి తిప్పి ఇంకోసారి చూశారు. తర్వాత నా చేతికిచ్చి, "సరే, వెయ్యి" అన్నారు.