యో అంటే పదకొండు: క్రాప్స్ టేబుల్ దగ్గర నా అనుభవం

లాస్ వేగాస్‌లో అడుగుపెట్టగానే అందరూ స్లాట్ మెషీన్ల మీద పడతారు. నాకేమో అరుపులు, కేకలు వినిపించే క్రాప్స్ అనే పాచికలాట టేబుల్ మీద మనసు పోయింది. "వాళ్ల భాష నీకేం అర్థమవుతుందిరా?" అన్నాడు బావ.

నిజమే, ఇంగ్లీషే గానీ ముక్క అర్థమైతే ఒట్టు. వంపు కర్రతో పాచికలు తోసే స్టిక్‌మ్యాన్ ఉన్నట్టుండి "యో!" అని కేకేశాడు. ఎవర్నో పిలుస్తున్నాడనుకున్నా. చూస్తే ఆరు, ఐదు పడ్డాయి. సెవెన్, ఎలెవెన్ ఆ గోలలో ఒకేలా వినిపిస్తాయి కాబట్టి పదకొండుని యో చేశారని పక్కనున్న పెద్దాయన చెప్పాడు.

ఆయనే నాకు గురువయ్యాడు. రెండు ఒకట్లు పడితే స్నేక్ ఐస్, పాము కళ్లు. రెండు ఆర్లు పడితే బాక్స్‌కార్స్. ఒక్కో పాచిక మీద మూడేసి చుక్కలు రెండు వరసల్లో, అచ్చం పక్కపక్కన నిలబెట్టిన గూడ్స్ పెట్టెల్లాగే ఉంటాయి. రెండూ, రెండూ పడి నాలుగైతే హార్డ్ ఫోర్, మూడూ ఒకటీ అయితే ఈజీ ఫోర్. ఆట పేరుకీ కథ ఉంది. హజార్డ్ అనే పాత ఇంగ్లీషు పాచికలాటలో రెండు పడితే క్రాబ్స్ అనేవారు. ఆ మాటే ఫ్రెంచివాళ్ల నోట నలిగి, న్యూ ఆర్లియన్స్ మీదుగా క్రాప్స్ అయింది.

అరవై డాలర్లు డీలర్ చేతికివ్వబోతే తీసుకోలేదు. టేబుల్ మీదే పెట్టాలట. పాస్ లైన్ మీద, అంటే విసిరేవాడు గెలుస్తాడని, పదిహేను కాశాను. పాచికలు నా దగ్గరికొచ్చాయి. ఒక్క చేత్తోనే పట్టుకోవాలి, అవతలి గోడకి తగిలేలా విసరాలి. మొదటి పందెం ఐదు, మూడు. పాయింట్ ఎనిమిది. ఇక ఏడు పడకముందే మళ్లీ ఎనిమిది పడాలి.

"ఇప్పుడు సెవెన్ వస్తే?" అని గట్టిగా అడిగేశా. టేబుల్ చుట్టూ మొహాలు మాడిపోయాయి. పాయింట్ పడ్డాక ఆ మాట ఎత్తకూడదట, కావాలంటే బిగ్ రెడ్ అనాలట. పాము కరిచిందనకుండా పురుగు ముట్టిందంటాం కదా, అదే వరస.

ఆ టెన్షన్‌లో యో మీద ఐదు డాలర్లు పెట్టా. పడింది బాక్స్‌కార్స్. ఐదూ పోయాయి. యో పడితే ఒకటికి పదిహేను ఇస్తారని నోరూరింది గానీ, రెండు పాచికలు పడే 36 రకాల్లో రెండే పదకొండు. పాస్ లైన్ మీద కాసినో వాటా సగటున 1.41 శాతమైతే, యో మీద 11.11 శాతం. పేరు ఎంత సరదాగా ఉంటే జేబుకి అంత చిల్లు!

మన పాత పాచికలాటలో కృత, త్రేత, ద్వాపర, కలి అని పందేల పేర్లు. కలి పడితే ఓటమి. నాకు ఆరో విసురుకి ఆ కలే పడింది: నాలుగు, మూడు.

"సెవెన్ అవుట్!" పదిహేనూ తీసేసి, పాచికలు పక్కాయన ముందుకి తోశారు. మిగిలిన నలభై డాలర్ల చిప్స్‌తో వెనక్కి తిరిగితే బావ నా భుజం మీంచి తొంగి చూస్తున్నాడు.

"ఒరేయ్, ఆ యో ఎక్కడ పెట్టాలి?"