చిన్న నేరానికి అరెస్టు చేసేటప్పుడు ఎంత బలం?

ట్రాఫిక్ నిబంధన ఉల్లంఘన, చిల్లర దొంగతనం, బహిరంగ ప్రదేశంలో గొడవ వంటి చిన్న నేరాలకు ఒక మనిషిని అరెస్టు చేసేటప్పుడు పోలీసులు బలం ఉపయోగించడం సమర్థనీయమేనా అన్న చర్చ, ఏదో ఒక వీడియో బయటికి వచ్చినప్పుడల్లా మొదలవుతుంది. చెప్పిన మాట వింటే ఇంత దూరం వచ్చేది కాదు గదా అని కొందరు అంటారు. ఇంత చిన్న విషయానికి చెయ్యి చేసుకోవడమేమిటని మరికొందరు అంటారు. ఆ క్షణంలో ఆ మనిషి వల్ల ఎవరికి ఏ ప్రమాదం ఉందన్న ప్రశ్న మాత్రం ఈ రెండు వాదాల మధ్య నలిగిపోతుంది. బలప్రయోగాన్ని కొలవవలసింది ఆ ప్రమాదంతోనే అని నేను గట్టిగా నమ్ముతాను. ప్రమాదం లేనిచోట అవిధేయత ఎంత చిరాకు కలిగించినా అది దెబ్బకు కారణం కాకూడదు.

పోలీసుల వైపు వాదనను తేలికగా కొట్టిపారేయలేము. ఆ శాఖలో చాలాకాలం పనిచేసి విరమించిన ఒక పెద్దాయనతో ఈ విషయం మాట్లాడినప్పుడు, నేరం చిన్నదని తీరిగ్గా కూర్చున్నవాళ్లకు తెలుస్తుంది గాని, చీకట్లో ఎదుట నిలబడ్డవాడి జేబులో ఏముందో, వాడు తాగి ఉన్నాడో లేదో, అంతకు ముందు ఏం చేసి వచ్చాడో విధుల్లో ఉన్నవాడికి తెలియదని ఆయన అన్నారు. ఆ మాటలో నిజముంది. అదీగాక అరెస్టు అంటేనే ఒక మనిషిని అతని ఇష్టానికి వ్యతిరేకంగా అదుపులోకి తీసుకోవడం. నేను రానని నేలమీద కూర్చున్నవాణ్ణి ఇద్దరు చంకల కింద చేతులు వేసి లేపడం కూడా బలప్రయోగమే, అది సమర్థనీయమే. చట్టం అరెస్టు చేసే అధికారమిచ్చి ఏ మాత్రం బలమూ వాడరాదంటే, నిరాకరించిన ప్రతివాడూ చట్టాన్ని అక్కడికక్కడే రద్దు చేసినట్లవుతుంది. కాబట్టి బలం అసలే కూడదన్న వాదం నాది కాదు.

అయితే లేపడానికి కావలసిన బలం వేరు, లేవనందుకు చూపే బలం వేరు. మొదటిది పని పూర్తి కాగానే ఆగిపోతుంది. రెండవది ఎదుటి మనిషి లొంగిపోయినా ఆగదు, ఎందుకంటే దాని గురి అతని శరీరాన్ని కదిలించడం మీద లేదు, అతనికి బుద్ధి చెప్పడం మీద ఉంది. బుద్ధి చెప్పే అధికారం చట్టం అరెస్టు చేసే అధికారికి ఇవ్వలేదు.

ఈ విషయంలో ఎక్కువగా ఉదహరించే తీర్పుల్లో ఒకటి అమెరికా సుప్రీంకోర్టు 1989లో గ్రాహం వర్సెస్ కానర్ కేసులో ఇచ్చినది. దాని వెనుక ఉన్న సంఘటన తీర్పు కంటే ఎక్కువ చెబుతుంది. 1984లో ఉత్తర కరోలినాలోని షార్లెట్ నగరంలో మధుమేహంతో బాధపడుతున్న డెథోర్న్ గ్రాహం అనే వ్యక్తికి ఇన్సులిన్ వల్ల రక్తంలో చక్కెర పడిపోతున్నట్లు అనిపించింది. నారింజ రసం కొనుక్కుందామని మిత్రుడి కారులో ఒక దుకాణానికి వెళ్లి, లోపల వరుస పొడుగ్గా ఉండటం చూసి గబగబా బయటికి వచ్చి, మరో మిత్రుడి ఇంటికి తీసుకెళ్లమన్నాడు. అంత తొందరగా లోపలికి వెళ్లి బయటికి రావడం ఒక అధికారికి అనుమానం కలిగించింది. అతను కారు ఆపించాడు. గ్రాహం కారు దిగి దాని చుట్టూ పరుగెత్తి, కాలిబాట మీద కూర్చుండిపోయి, కొద్దిసేపు స్పృహ కోల్పోయాడు. చక్కెర వ్యాధి ఉందన్న మాట వినిపించుకోకుండా, తాగి ఉన్నాడనుకుని, బేడీలు వేసి, కారు బానెట్ మీదికి తోసి, పోలీసు కారులోకి తల ముందుగా పడేలా నెట్టారు. ఒక మిత్రుడు నారింజ రసం తెచ్చినా తాగనివ్వలేదు. చివరికి దుకాణంలో ఏ నేరమూ జరగలేదని కబురు వచ్చింది. అప్పటికే అతని పాదం ఎముక విరిగింది, మణికట్లు తెగాయి, నుదురు కమిలింది, భుజం దెబ్బతింది.

నేరం చిన్నది కావడం అటుంచి, అసలు నేరమే లేదు. ఈ కేసులో కోర్టు పెట్టిన కొలతలు మూడు. ఆరోపించిన నేరం తీవ్రత ఎంత, ఆ మనిషి వల్ల తక్షణ ప్రమాదం ఉందా, అతను చురుకుగా ప్రతిఘటిస్తున్నాడా లేక పారిపోజూస్తున్నాడా అన్నవి చూడాలని చెప్పింది. వీటిని తరవాత తెలిసిన విషయాలతో కాకుండా, ఆ చోట ఉన్న సమంజసమైన అధికారి దృష్టితో చూడాలని కూడా చెప్పింది. ఈ చివరి మాట పోలీసులకు చాలా రక్షణ ఇచ్చింది, కొంతవరకు అది అవసరమే. కానీ మొదటి కొలతను జనం మరిచిపోతుంటారు. నేరం తీవ్రత తగ్గేకొద్దీ అనుమతించదగిన బలమూ తగ్గాలని ఆ తీర్పే అంటున్నది. 1990లో హవానాలో నేర నివారణపై జరిగిన ఐక్యరాజ్యసమితి మహాసభ ఆమోదించిన మూల సూత్రాలు కూడా, వీలైనంతవరకు బలం లేని మార్గాలనే ముందు వాడాలని, తప్పనిసరైతే నేరం తీవ్రతకూ సాధించవలసిన ప్రయోజనానికీ తగిన మేరకే బలం ఉండాలని, గాయపడినవారికి వెంటనే వైద్యం అందించాలని చెబుతున్నాయి.

ఇక ప్రతిఘటన సంగతి. చిన్న అరెస్టులు హింసగా మారేది ఎక్కువగా ఇక్కడే, కాబట్టి దీన్ని దగ్గరగా చూడాలి. ఒక మనిషిని బోర్లా పడుకోబెట్టి, రెండు చేతులూ వెనక్కి విరిచి, వీపు మీద మోకాలు ఆనించారనుకోండి. ఊపిరి పీల్చుకోవాలంటే పక్కటెముకలు విచ్చుకోవాలి, పొట్ట బయటికి ఉబ్బాలి. కింద నేల, పైన బరువు ఆ రెండింటినీ అడ్డుకుంటాయి. గాలి అందని శరీరం తనకు తానే ఛాతీని పైకెత్తుతుంది, భుజాన్ని తిప్పుతుంది, కాళ్లను కొట్టుకుంటుంది. ఆ మనిషి నిర్ణయించుకుని చేసేది అందులో ఏమీ లేదు. పైన ఉన్న అధికారికి మాత్రం అది పెనుగులాటగా తెలుస్తుంది, అతను ఇంకా బరువు వేస్తాడు. బరువు పెరిగేకొద్దీ కదలిక పెరుగుతుంది, కదలిక పెరిగేకొద్దీ బరువు పెరుగుతుంది. ఆ తరవాత కదలిక ఆగిపోతే, లొంగిపోయాడని అనుకుంటారు.

ఇది తెలియని విషయమేమీ కాదు. అమెరికా న్యాయశాఖకు చెందిన పరిశోధనా సంస్థ 1995లోనే బోర్లా పడుకోబెట్టడం వల్ల ఊపిరాడక జరిగే మరణాల గురించి పోలీసులను హెచ్చరించి, బేడీలు పడగానే మనిషిని బోర్లా ఉన్న స్థితి నుంచి తప్పించాలని సూచించింది. పాతికేళ్ల తరవాత, 2020 మే 25న, మినియాపొలిస్‌లో ఇరవై డాలర్ల నకిలీ నోటు ఇచ్చాడన్న అనుమానంతో పట్టుకున్న జార్జ్ ఫ్లాయిడ్ మీద ఒక అధికారి సుమారు తొమ్మిదిన్నర నిమిషాలు మోకాలు ఆనించి ఉంచాడు. అప్పటికే ఫ్లాయిడ్ చేతులకు బేడీలున్నాయి. ఉద్యోగంలో చేరి కొద్ది రోజులే అయిన ఒక అధికారి, అతణ్ణి పక్కకు తిప్పుదామా అని ఒకటికి రెండుసార్లు అడిగాడు. మోకాలు ఆనించిన సీనియర్ వద్దన్నాడు. ఫ్లాయిడ్ చనిపోయాడు. తిప్పడానికి ఎంతసేపు పడుతుంది? ఆ ప్రశ్న నన్ను ఇప్పటికీ వదలదు. ఏం చేయాలో తెలిసిన మనిషి అక్కడే ఉన్నాడు, తెలిసినది చేయడానికి అతనికి పై అధికారి సమ్మతి కావలసి వచ్చింది. తరవాత ఆ సీనియర్‌కు హత్యానేరం కింద ఇరవై రెండున్నరేళ్ల జైలు శిక్ష పడింది, అడిగి ఊరుకున్న జూనియర్‌కూ శిక్ష తప్పలేదు.

బేడీలు వేశాక జరిగే హింసకు నా దృష్టిలో అరెస్టుతో సంబంధం లేదు. ఈ గీతను అన్నిటికంటే స్పష్టంగా గీసింది యూరోపియన్ మానవ హక్కుల కోర్టు. బెల్జియంలో ఇద్దరు సోదరులు, వేర్వేరు సందర్భాల్లో, పోలీసు స్టేషన్‌లో తమను చెరొక చెంపదెబ్బ కొట్టారని ఫిర్యాదు చేశారు. ఒక్క చెంపదెబ్బ కదా అని 2013లో ఆ కోర్టు చిన్న ధర్మాసనం కేసును తోసిపుచ్చింది. 2015లో విస్తృత ధర్మాసనం పధ్నాలుగు మంది ఒకవైపు, ముగ్గురు మరోవైపుగా దాన్ని తిరగరాసింది. పోలీసుల అదుపులో ఉన్నవాడి ప్రవర్తన వల్ల తప్పనిసరి కాని ఏ బలప్రయోగమైనా అతని గౌరవాన్ని దెబ్బతీస్తుందని, అధికారికి కోపం వచ్చిందనో ఎదుటివాడు రెచ్చగొట్టాడనో అది సమర్థనీయం కాదని చెప్పింది. ముఖం మనిషి వ్యక్తిత్వం కనిపించే చోటు కాబట్టి చెంపదెబ్బ మరీ లోతుగా తగులుతుందని కూడా ఆ తీర్పు గుర్తించింది. చెంపదెబ్బకు చాలాసార్లు గాయం మిగలదు, డాక్టరు రాయడానికి ఏమీ ఉండదు, అందుకే దాన్ని లెక్కలోకి తీసుకోకపోవడం అందరికీ అలవాటైపోయింది. లెక్కలోకి రాని దెబ్బ ఎంత దూరం వెళ్లగలదో 2020 జూన్‌లో తమిళనాడులోని సాత్తాన్‌కుళం చూపింది. లాక్‌డౌన్ వేళలు మీరి దుకాణం తెరిచి ఉంచారన్న ఆరోపణతో అదుపులోకి తీసుకున్న తండ్రీకొడుకులు కొద్ది రోజుల్లోనే ఒకరి తరవాత ఒకరు చనిపోయారు. సీబీఐ దర్యాప్తు చేసి పోలీసుల మీద హత్యాభియోగం మోపింది.

ఇంతవరకు అరెస్టు చేయక తప్పదన్నట్లే మాట్లాడాను. చాలా సందర్భాల్లో తప్పుతుంది. 2001లో అమెరికా సుప్రీంకోర్టు, సీటు బెల్టు పెట్టుకోలేదన్న, జరిమానా తప్ప జైలు శిక్షే లేని నేరానికి ఒక తల్లిని బేడీలు వేసి తీసుకుపోవడం రాజ్యాంగ విరుద్ధం కాదని ఒక్క ఓటు తేడాతో తేల్చింది. ఆ తీర్పు నాకు నచ్చలేదు. భారత సుప్రీంకోర్టు దీనికి భిన్నమైన దారి పట్టింది. అరెస్టు చేసే అధికారం ఉండటం వేరు, దాన్ని వాడటానికి తగిన కారణం ఉండటం వేరని 1994లో జోగిందర్ కుమార్ కేసులో చెప్పింది. ఏడేళ్ల వరకు శిక్ష పడే నేరాల్లో యాంత్రికంగా అరెస్టు చేయరాదని, అవసరం లేనిచోట హాజరు కమ్మని నోటీసు ఇవ్వాలని 2014లో అర్నేష్ కుమార్ కేసులో ఆదేశించింది. అరెస్టు, విచారణ పద్ధతులను నిర్దేశించే ఇప్పటి చట్టమైన భారతీయ నాగరిక సురక్షా సంహితలోని 35వ సెక్షన్‌లోనూ నోటీసు పద్ధతి ఉంది, పారిపోకుండా ఉండటానికి అవసరమైనంత కంటే ఎక్కువ నిర్బంధం కూడదని 46వ సెక్షన్ చెబుతోంది. చట్టం కాగితం మీద ఇంత బాగా ఉన్నప్పుడు, ఆ చోట నిలబడ్డ అధికారికి నోటీసు ఇవ్వడం తన ఓటమిగా తోచడం దగ్గరే సమస్య ఉంది.

పేరు, చిరునామా తెలిసిన మనిషి, చేతిలో ఆయుధం లేని మనిషి, చిన్న నేరం చేసిన మనిషి ఈ పూట వెళ్లిపోతే కొంపలు మునగవు. రేపు పట్టుకోవచ్చు, కోర్టుకు పిలిపించవచ్చు. కాలం ఎప్పుడూ పోలీసుల పక్షానే ఉంటుంది. అయినా ఆ చోట అది గుర్తుకు రాదు, ఎందుకంటే చుట్టూ జనం చూస్తుంటారు, ఎవరో ఫోనులో తీస్తుంటారు, వెనక్కి తగ్గితే పరువు పోతుందనిపిస్తుంది. అందరూ ఒకేసారి అరుస్తారు. ఒకరు కదలొద్దంటారు, మరొకరు చేతులు పైకెత్తమంటారు, మూడోవారు కిందికి వంగమంటారు. ఈ మూడింటిలో ఏది చేసినా తక్కిన రెండూ ధిక్కరించినట్లే. వినికిడి లేనివాడు, ఆ భాష రానివాడు, మతిస్థిమితం తప్పినవాడు, గ్రాహం లాగా ఒంట్లో చక్కెర పడిపోయినవాడు ఆ అరుపుల మధ్య ఏం చేయగలడు? చివరికి మొదటి ఆరోపణ మాయమై, విధులకు ఆటంకం కలిగించాడన్న ఆరోపణ ఒక్కటే కేసుగా మిగిలినప్పుడు, అలాంటి ప్రతి కేసునూ పై అధికారులు తప్పనిసరిగా తిరగేసి చూడాలని నేను కోరుతాను. ఏ నేరానికి పట్టుకోబోయారో ఆ నేరం లేకుండా, పట్టుకోవడాన్ని అడ్డుకున్న నేరం మాత్రమే ఎలా మిగిలిందో ఎవరో ఒకరు అడగాలి.

ఎవరో ఒకరు మొదట కత్తి దూసినప్పుడు, ఎదుటివాణ్ణి చావబాదుతున్నప్పుడు, తన ప్రాణమే తీసుకోబోతున్నప్పుడు పోలీసులు వెంటనే, గట్టిగా బలం వాడాలి. అక్కడ నాకు సందేహం లేదు, అది ఆరోపణ చిన్నదైనా సరే. మిగిలినచోట్ల నేను అడిగేది రాతపని. బలం వాడిన ప్రతి అరెస్టుకూ అదే రోజు ఒక నివేదిక ఉండాలి. అందులో ప్రతిఘటించాడన్న ఒక్క మాట రాసి ఊరుకోకుండా, ఏ చేయి ఎటు కదిలింది, అప్పుడు ఎవరు ఏం చేశారు, ఎప్పుడు ఆపారు, బేడీలు ఏ సమయానికి పడ్డాయి, ఆ తరవాత ఎవరైనా అతణ్ణి ముట్టుకున్నారా, డాక్టరు ఎప్పుడు చూశాడు అన్నవి రాయాలి. నోటీసు ఎందుకు సరిపోలేదో చెప్పే గడి అన్నిటికంటే పైన ఉండాలి, దాన్ని ఖాళీగా వదిలిన నివేదికను స్టేషన్ అధికారి వెనక్కి పంపాలి.