నాన్న రాత్రులు, నా డ్యూటీ

నాన్న చిట్టివలస జూట్ మిల్లులో పని చేసిన రోజుల్లో, నైట్ షిఫ్ట్ చేసి వచ్చి పగలు పడుకుంటే అమ్మ వీధి అరుగు మీద కాపలా కూర్చునేది. ఐస్‌బండి అతను గంట కొట్టబోతే వద్దని చెయ్యి ఊపేది. మేం గోళీలు ఆడుకోవాలంటే వీధి చివరికి పోవాల్సిందే. "మీ నాన్న రాత్రికి మళ్ళీ మర దగ్గర నిలబడాల" అనేది. ఆ మాట లోతు నాకు నలభై ఏడేళ్ళు వచ్చాక తెలిసింది.

అమ్మ పోయాక నాన్న గాజువాకలో మా దగ్గరే ఉంటున్నాడు. 81 ఏళ్ళు. నేను ఒక ఫ్యాక్టరీలో ఓవర్‌హెడ్ క్రేన్ నడుపుతాను. ఎ షిఫ్ట్ పొద్దున్న 6కి, బి మధ్యాహ్నం 2కి, సి రాత్రి 10కి.

నాన్న రాత్రి నాలుగైదుసార్లు బాత్రూమ్‌కి లేచేవాడు. మోకాళ్ళలో పట్టు లేదు, ఒక్కడే వెళ్తే పడిపోతాడని నేనే పట్టుకుని తీసుకెళ్ళేవాణ్ణి. కోడలు తీసుకెళ్తానంటే ఆయనకి మొహమాటం. అనకాపల్లి నుంచి అక్క వస్తానంది, నేనే వద్దన్నాను. కొడుకుని నేనుండగా అక్కకెందుకు శ్రమ అనుకున్నాను. అది తప్పు.

పోయిన చలికాలం ఒకతను సెలవు పెడితే, బి షిఫ్ట్ దిగిన మర్నాడే ఎ షిఫ్ట్ ఎక్కాల్సి వచ్చింది. ఇంటికి చేరేసరికి 11. నాన్న పన్నెండున్నరకి లేచాడు, రెండింటికి లేచాడు, మూడుంపావుకి లేచాడు. నేను నాలుగున్నరకి లేచి బయల్దేరాను. పది గంటలప్పుడు ఇనుప రాడ్ల కట్ట కిందికి దింపుతున్నాను. కన్ను మూసిన గుర్తు లేదు. విజిల్ మీద విజిల్ వినబడి చూస్తే, కట్ట దింపాల్సిన చోటు దాటి పక్కకి ఊగుతోంది. కింద సిగ్నల్ ఇచ్చే కుర్రాడు రెండు చేతులూ ఎత్తి అరుస్తున్నాడు. ఎవరికీ ఏమీ కాలేదు. కానీ చేతులు వణికి, ఇన్‌చార్జికి ఉన్నది ఉన్నట్టు చెప్పి దిగిపోయాను.

ఆ తర్వాత చదివాను. 17 గంటలు నిద్ర లేకుండా ఉన్న మనిషి చురుకుదనం, రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్నవాడితో సమానంగా పడిపోతుందట. మన దేశంలో బండి నడపడానికి హద్దు 0.03. మా గేటు దగ్గర తాగి వచ్చినవాణ్ణి ఊదించి వెనక్కి పంపుతారు. ఆ పొద్దున్న నేను కార్డు చూపించి లోపలికి వెళ్ళిపోయాను.

ఆ వారమే నాన్నని డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళాను. ఏ మాత్ర ఎప్పుడు వేస్తున్నారని అడిగారు. కాళ్ళ వాపుకి ఇచ్చిన నీళ్ళ మాత్ర మేం సాయంత్రం వేస్తున్నాం. దాన్ని పొద్దుటికి మార్చారు. పగలంతా కాళ్ళలో దిగిన నీరు పడుకోగానే రక్తంలోకి తిరిగొచ్చి మూత్రం ఎక్కువవుతుందట. అందుకని మధ్యాహ్నం ఒక గంట కాళ్ళ కింద దిండ్లు పెట్టమన్నారు. (చదివేవాళ్ళు మాత్రం డాక్టర్‌ని అడగకుండా మాత్రల వేళలు మార్చొద్దు.)

అక్కడే ఇంకో సంగతి బయటపడింది. మధ్యాహ్నం దాటితే నాన్న మంచినీళ్ళు ముట్టడం లేదు. లేచి నిలబడితే కళ్ళు తిరగడం అందుకేనట. ఎందుకలా చేశావని అడిగాను.

"నీకు డ్యూటీ ఉంది కదరా. మాటిమాటికీ లేపితే ఎలా?"

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో నా నోట మాట రాలేదు. నేను ఆయన కోసం నిద్ర మానుకున్నాను, ఆయన నా కోసం నీళ్ళు మానుకున్నాడు. ఇద్దరం ఒకరికొకరు చెప్పుకోలేదు.

ఇప్పుడు రాత్రికి రెండుసార్లే లేస్తున్నాడు. మంచం పక్కనే కమోడ్ కుర్చీ, గోడకి చిన్న లైటు పెట్టాం. ఎ షిఫ్ట్ వారం అక్క వచ్చి నాలుగు రాత్రులు ఆ గదిలో పడుకుంటుంది. ఆ నాలుగు రోజులూ నేను తొమ్మిదికల్లా తలుపు వేసుకుని పడుకుంటాను. మొదట్లో దొంగతనం చేస్తున్నట్టు ఉండేది. మీ ఇంట్లోనూ రాత్రిళ్ళు ఒక్కరి మీదే పడుతుంటే, వాళ్ళ నిద్ర గురించి ఈరోజే కూర్చుని మాట్లాడుకోండి.

మొన్న సి షిఫ్ట్ చేసి వచ్చి పడుకున్నాను. లేచేసరికి మధ్యాహ్నం రెండున్నర. నాన్న గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. చేపలావిడ వీధిలో కేక వేయబోతే చెయ్యి ఊపి ఆపాడట. వేళ్ళు చూపించి బేరమాడి, అరకిలో కానాగంతలు కొన్నాడని మా ఆవిడ చెప్పింది.