నీల్ దీవిలో పనీపాటా లేకుండా

అండమాన్ నుంచి వచ్చాక శ్రీకాకుళంలో ఎవరు కనబడినా "ఏటి చూసొచ్చావ్?" అనే అడుగుతున్నారు. నిజానికి పెద్దగా ఏమీ చూడలేదు. నీల్ దీవిలో దిగి, వెదురు గుడిసె ఒకటి అద్దెకు తీసుకుని, బ్యాగు మూలన పడేసి హాయిగా కూర్చున్నాను. 2018లో ఈ దీవికి షహీద్ ద్వీప్ అని పేరు పెట్టారు.

గడియారం మనదే గానీ అక్కడ సూర్యుడికి తొందరెక్కువ. శీతాకాలంలో సాయంత్రం ఐదింటికే అస్తమించేస్తాడు. అందుకే నాలాంటి బద్ధకస్తుడు కూడా చీకటితో లేచేవాడు. ఆటు సమయంలో లక్ష్మణ్‌పూర్ బీచ్ వైపు నీళ్లు వెనక్కి పోతే, రాళ్ల గుంతల్లో చిన్న చిన్న చేపలు చిక్కుకుని ఉంటాయి. శంఖాన్ని ఇల్లు చేసుకున్న ఒక పీత నా చెప్పు ఎక్కలేక, చుట్టూ తిరిగి వెళ్లడానికి ఎంతసేపు పట్టిందో! నేనూ కదల్లేదు, నాకు మాత్రం పనేముంది? అక్కడి గవ్వలు, పగడాలు తేవడం నిషేధం, కాబట్టి మేనకోడలు అలిగింది.

మన కళింగపట్నం సముద్రం ఎప్పుడూ గర్జిస్తూనే ఉంటుంది. నీల్‌లోని భరత్‌పూర్ బీచ్ దగ్గర మాత్రం మోకాలి లోతు నీళ్లలో కాలి వేళ్లు లెక్కపెట్టుకోవచ్చు. అయినా ఈత కొట్టాలంటే నాకు కొంచెం టెన్షనే.

తిరుగు దారిలో పోర్ట్ బ్లెయిర్ టీ కొట్టులో నా యాస వినగానే "ఏ ఊరు బాబూ, మనోళ్లేనా?" అన్నాడో పెద్దాయన. వాళ్లది పలాస వైపట. టీ డబ్బులు తీసుకుంటే ఒట్టు!

వెళ్లేవాళ్లు చేతిలో నగదు ఉంచుకోండి. దీవిలో నెట్ దయ తలిస్తేనే వస్తుంది.