అమ్మకు 70 అక్షరాల్లో

అమ్మది మీటల ఫోను. వాట్సాప్ ఉన్న ఫోను కొనిస్తానంటే వద్దంటుంది. అందుకే సింగపూర్‌లో దిగగానే, చాంగి విమానాశ్రయంలో పెట్టె కోసం ఎదురుచూస్తూ, "క్షేమంగా చేరాను" అని ఎస్ఎంఎస్ పంపాను. వెళ్లలేదు. మళ్లీ పంపాను. ఉహూ.

ఎర్ర గుర్తు కేసి కాసేపు గుర్రుగా చూశాక తట్టింది. అమ్మ నంబరు ఏళ్ల తరబడి నా ఫోనులో ఉత్త 10 అంకెలుగానే ఉంది. ముందు ప్లస్ 91 చేర్చాను, వెళ్లిపోయింది.

ఆ ఉత్సాహంలో విమానంలో పెట్టిన ఉప్మా గురించి, పక్క సీటాయన గురక గురించి ఓ ఉత్తరమే రాశాను. పంపబోతుంటే కింద ఓ మూల 5 అని కనిపించింది. అంటే 5 మెసేజీల ఖర్చు, అదీ రోమింగ్ ధరకు! ఇంగ్లిషులో రాస్తే ఒక మెసేజీలో 160 అక్షరాలు పడతాయి, తెలుగులో 70 మాత్రమే. పైగా గుణింతం, ఒత్తు, సున్నా అన్నీ విడివిడిగా లెక్కకొస్తాయి. "క్షేమంగా" కంటికి 3 అక్షరాలే, ఫోను లెక్కలో 8. మన ఒత్తులకు ఇంత ఖరీదని అప్పటిదాకా తెలియదు.

గురక తీసేశాను. ఉప్మా కూడా. చివరికి మిగిలింది: "చలి లేదు. తిన్నాను. పడుకో."

అక్కడ ఉదయం 6, ఇంటి దగ్గర మూడున్నర. నిమిషం తిరక్కుండానే ఫోను రెండుసార్లు మోగి ఆగింది. చదివానని చెప్పడానికి అమ్మ ఇచ్చే మిస్డ్ కాల్ అది.